నూజివీడు తోటల నుండి చమురు రిగ్గు దాకా

నూజివీడు పేరు చెప్పగానే ఎవరికైనా మామిడిపండు గుర్తుకు వస్తుంది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం, విస్సన్నపేట, ఎటు వెళ్ళినా ఎర్రనేల, చిన్న చిన్న గుట్టలు, వాటి మధ్య వరుసలు తీర్చిన తోటలు. చిన్న రసాలు, పెద్ద రసాలు, చెరకు రసాలు, బంగినపల్లి, కలెక్టరు అని మనము పిలిచే తోతాపురి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క కాలము, ఒక్కొక్క బజారు. రసాలు పిండుకొని తినడానికి, బంగినపల్లి కోసుకొని తినడానికి, కలెక్టరు కాయ గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు. డిసెంబరు, జనవరి నెలలలో పూత వస్తుంది. వేసవిలో కాయ కోతకు వచ్చి, విజయవాడ దగ్గర నున్న మార్కెట్టుకు చేరి, అక్కడి నుండి లారీలలో ఉత్తరాది రాష్ట్రాలకు పోతుంది. చిరకాలము కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల మార్పులో ఏలూరు జిల్లాలో చేరింది.

బయటివారికి మామిడి కనబడుతుంది గాని, ఈ తోటల వెనుక ఉన్న ఇంజన్లు కనబడవు. కరెంటు రాని రోజులలో బావుల మీద ఆయిల్ ఇంజన్లు టపటపమని కొట్టుకుంటూ మొక్కలను బ్రతికించాయి. తరువాత బోర్లు, సబ్‌మెర్సిబుల్ మోటార్లు వచ్చాయి. పూత మీద తేనెమంచు పురుగు పడితే మందు కొట్టడానికి స్ప్రేయరు ఇంజను కావాలి, దున్నడానికి ట్రాక్టరు కావాలి, కాయ తోలడానికి లారీ కావాలి. అందువలన నూజివీడులోనూ హనుమాన్ జంక్షన్‌లోనూ మెకానిక్కు షెడ్లు ఎక్కువ. తోటలో పని లేని నెలలలో మన పిల్లలు ఆ షెడ్లలోనే చేతులు నల్లబరచుకొని పని నేర్చుకుంటారు.

అలా నేర్చుకున్న ఇద్దరు యౌవనస్థులు మా సంఘములో ఉన్నారు. ఇద్దరూ ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ ట్రేడు పూర్తి చేశారు. వారిలో ఒకరి ఇంటికి ఒక ఏజెంటు వచ్చి, గల్ఫు దేశములో సముద్రము మీద చమురు రిగ్గులో మెకానిక్కు ఉద్యోగము ఉన్నదనీ, మూడు లక్షలు కడితే రెండు నెలలలో విమానము ఎక్కిస్తాననీ చెప్పాడు. తండ్రికి ఉన్నది మూడెకరాల తోట. పూత మీదనే మూడు సంవత్సరాల కాపును వ్యాపారికి రాసి ఇచ్చి డబ్బు తెద్దామా అని ఆయన మమ్మల్ని అడగడానికి వచ్చాడు. రిగ్గు అంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఆ మాటకు వస్తే మాకూ తెలియదు. తెలియనిదాని మీద సలహా చెప్పడము కంటె, తెలిసినవారిని తీసుకొని వెళ్ళి చూడడము మేలు అనిపించింది.

తెలిసినవారు మన మధ్యనే ఉన్నారు. ముసునూరు వైపు ఒక పల్లెలో స్థిరపడిన ఒక పెద్దాయన ఇరవై సంవత్సరాలకు పైగా చమురు రిగ్గులలో ఇంజన్ల మెకానిక్కుగా పనిచేశారు. మొదట గోదావరి జిల్లాలలో నేల మీద రిగ్గులలోను, ఆ తరువాత బొంబాయి హై సముద్ర క్షేత్రములోను పనిచేసి, ఇప్పుడు తోట చూసుకుంటున్నారు. మేము అడగగానే వస్తామన్నారు. కిందటి జనవరిలో ఒక ఉదయము ఆయన, ఇద్దరు యౌవనస్థులు, వారి తండ్రులు, మేము కలిసి జీపులో బయలుదేరాము.

ఎర్రనేల నుండి నల్లనేలకు

నూజివీడు నుండి హనుమాన్ జంక్షన్‌కు దిగుతుంటే రోడ్డుకు రెండు ప్రక్కలా పూతమీద ఉన్న తోటలే. జంక్షన్‌లో పెద్ద హైవే దాటి గుడివాడ రోడ్డు పట్టగానే నేల మారిపోతుంది. ఎర్రమట్టి పోయి నల్లరేగడి వస్తుంది. గుట్టలు పోయి కాలువలు, వరిచేలు వస్తాయి. గుడివాడ, ముదినేపల్లి దాటి కైకలూరు వైపు తిరిగితే వరిచేల స్థానములో చేపల చెరువులు, వాటి అవతల కొల్లేరు. రెండు గంటల ప్రయాణములో రెండు దేశాలు చూచినట్లు ఉంటుంది. మామిడి రైతు నీటికోసము వందల అడుగులు బోరు వేస్తుంటే, ఇక్కడి రైతు నీటిని గట్లు కట్టి ఆపుకుంటున్నాడు.

ఈ నల్లనేల క్రింద చాలా లోతున ఉన్నదే కృష్ణా గోదావరి బేసిన్. కోట్ల సంవత్సరాలుగా ఈ రెండు నదులు తెచ్చిపోసిన మట్టి, ఇసుక పొరలలో గ్యాసు, చమురు చిక్కుకొని ఉన్నాయి. 1956లో ఏర్పడిన ఓ.ఎన్.జి.సి. ఈ బేసిన్‌లో మొదటి బావిని 1978లో నరసాపురం దగ్గర తవ్వింది. రాజమండ్రి కేంద్రముగా పని విస్తరించింది. కోనసీమలోనే కాక ఇటు కైకలూరు, లింగాల ప్రాంతాలలోనూ గ్యాసు, చమురు దొరికాయి. 1987లో సముద్రములో రవ్వ క్షేత్రము, 2002లో ఇంకా లోతు సముద్రములో కె.జి. డి-6 గ్యాసు బయటపడ్డాయి.

చెరువు గట్టు మీద నుండి దూరాన ఇనుప గోపురమువంటిది కనబడింది. "అదే మాస్టు. ఇటువంటివి నూట నలభై అడుగుల ఎత్తు ఉంటాయండీ" అన్నారు పెద్దాయన. కంచె లోపలికి బయటివారిని రానివ్వరు. రానివ్వకూడదు కూడా. గేటు బయట కాపలావారి అనుమతితో కొంతసేపు నిలబడి చూచాము. తరువాత రోడ్డు ప్రక్క టీ కొట్టు బల్ల మీద కూర్చుంటే ఆయన మాకు అంతా విడమరచి చెప్పారు.

రిగ్గులో ఇంజను చేసే పని

"అబ్బాయ్, మన తోటలో అయిదు హార్సు పవరు ఇంజను చూశావు గదా. ఒక్క సిలిండరు. అక్కడ ఒక్కొక్క ఇంజనుకు పన్నెండో పదహారో సిలిండర్లు, వెయ్యి హార్సు పవరు పైమాటే. అటువంటివి మూడు నాలుగు వరుసగా ఉంటాయి" అని మొదలుపెట్టారు.

ఆ డీజిల్ ఇంజన్లు ఆల్టర్నేటర్లను తిప్పి కరెంటు పుట్టిస్తాయి. ఆ కరెంటుతో పెద్ద పెద్ద మోటార్లు తిరుగుతాయి. కొన్ని పాత రిగ్గులలో కరెంటు మధ్యలో లేకుండా ఇంజను బలమే గొలుసుల ద్వారా నేరుగా యంత్రాలకు అందేది. ఎలా అందినా చేయవలసిన పనులు మూడు. డ్రావర్క్స్ అనే పెద్ద డ్రమ్ము ఉక్కు తాడును చుట్టుతూ విప్పుతూ టన్నుల బరువున్న గొట్టాల వరుసను పైకి లేపి క్రిందికి దించుతుంది. రోటరీ టేబులు గాని, కొత్త రిగ్గులలో టాప్ డ్రైవు గాని ఆ గొట్టాలను తిప్పుతుంది. మడ్ పంపులు గొట్టము లోపలి నుండి బురదను బావి అడుగుకు పంపిస్తాయి. ఈ తరహా భూమి మీది రిగ్గులను మన హైదరాబాదు రామచంద్రాపురములోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారములోనే తయారు చేశారని విని మా యౌవనస్థులు ఆశ్చర్యపోయారు.

బురద సంగతి వినదగినది. మన బోరు వేసేవాడు గాలి కొట్టి రాతిపొడిని పైకి తెస్తాడు. చమురు బావికి అది చాలదు. బెంటోనైటు బంకమట్టి కలిపిన ద్రవాన్ని పంపిస్తారు. అది ఉలి నోటిని చల్లబరుస్తుంది, తెగిన రాతిని పైకి తెస్తుంది, అన్నిటికంటె ముఖ్యముగా తన బరువుతో భూమి లోపలి గ్యాసును అణచి ఉంచుతుంది. బరువు చాలకపోతే బెరైటీసు అనే రాతిపొడి కలుపుతారు. అది నీటికంటె నాలుగు రెట్లకు పైగా బరువు. ఆ రాయికి ప్రపంచములోనే పెద్ద గనులలో ఒకటి మన కడప సీమలో మంగంపేట దగ్గర ఉన్నది.

"పంపు ఆగితే బావికి ఊపిరి ఆడనట్లే. అందుకే మెకానిక్కు కన్ను ఎప్పుడూ దాని మీదే" అన్నారాయన. ఆ పంపులో పిస్టన్లు, లైనర్లు, వాల్వులు ఇసుక కలిసిన బురదకు అరిగిపోతూనే ఉంటాయి. చప్పుడు మారగానే ఏ వాల్వు పోయిందో పసిగట్టాలి. రెండవ పంపు మీదికి పని మార్చి, మొదటిదాన్ని విప్పి, కొత్త భాగము వేసి, తిరిగి సిద్ధము చేయాలి. వర్షమని, నడిరాత్రి అని ఆగడానికి వీలులేదు.

పన్నెండు గంటల దినము

రిగ్గులో పని రోజుకు 24 గంటలూ సాగుతుంది గనుక మనుష్యులు పన్నెండేసి గంటలు చేస్తారు. షిఫ్టుకు వచ్చిన మెకానిక్కు మొదట చేసేది పానా పట్టడము కాదు, పుస్తకము చదవడము. వెళ్ళిపోయే మనిషి ఏ ఇంజను ఎన్ని గంటలు నడిచిందో, ఏది విప్పి ఉన్నదో, ఏది ముట్టకూడదో అందులో వ్రాసి, నోటితో కూడా చెప్పి వెళ్ళాలి. తరువాత వరుసగా ప్రతి ఇంజను దగ్గరకు వెళ్ళి నూనె మట్టము, రేడియేటరు నీరు, బెల్టులు, గాలి ఫిల్టర్లు చూస్తాడు. పొగ చూస్తాడు. నల్లపొగ వస్తే బరువు ఎక్కువైనట్లో గాలి చాలనట్లో, నీలిపొగ వస్తే నూనె మండుతున్నట్లు, తెల్లపొగ వస్తే డీజిలు సరిగా మండనట్లో నీరు చేరినట్లో గ్రహిస్తాడు. ఇంజను నూనెలో కొంచెము సీసాలో పట్టి పరీక్షకు పంపిస్తారు. అందులో ఏ లోహపు రజను కనబడితే లోపల ఏ భాగము అరుగుతున్నదో తెలుస్తుంది. మనిషి రక్తము పరీక్ష చేయించినట్లే.

మా యౌవనస్థులలో ఒకరు, "పెద్దయ్యా, మన ఆయిల్ ఇంజనుకూ దానికీ సైజు తప్ప ఇంకేమి తేడా?" అని అడిగాడు.

"గాలి దగ్గర తేడారా" అన్నారాయన. డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు మండుతుంది. డీజిలు ఆపితే ఇంజను ఆగుతుంది. కాని రిగ్గులో బావి నుండి గ్యాసు తప్పించుకొని ఇంజను పీల్చే గాలిలో కలిస్తే, డీజిలు ఆపినా ఆ ఇంజను ఆగదు. గ్యాసునే తిని, మితిమీరిన వేగముతో తిరిగి, తుదకు నిప్పు రాజేస్తుంది. అందుకని రిగ్గు ఇంజన్లకు గాలి దారినే మూసివేసే తలుపు ఒకటి, పొగగొట్టానికి నిప్పురవ్వలు బయటికి రాకుండా పట్టే అమరిక ఒకటి పెడతారు. ఆ తలుపు పనిచేస్తున్నదో లేదో మెకానిక్కు వేళ తప్పకుండా పరీక్షించాలి. "ఇరవై ఏళ్ళలో దాన్ని నిజంగా వాడవలసిన అవసరం నాకు రాలేదు. అయినా పరీక్ష మాత్రం ఏనాడూ మానలేదు" అన్నారు.

బావి నోటిమీద బ్లో అవుట్ ప్రివెంటరు అనే పెద్ద ఉక్కు కవాటాలు ఉంటాయి. లోపలి ఒత్తిడి పొంగి వస్తే అవి మూసుకోవాలి. ఇంజన్లన్నీ ఆగిపోయిన వేళ కూడా అవి పనిచేయాలి గనుక, చదరపు అంగుళానికి 3000 పౌండ్ల ఒత్తిడితో ద్రవాన్ని సీసాలలో ముందే నింపి ఉంచుతారు. ఆ ఒత్తిడి తగ్గకుండా కాపాడడము కూడా మెకానిక్కు పనులలో ఒకటి.

రెండు మంటలు

మంట అనగానే తండ్రుల ముఖాలు మారాయి. గోదావరి జిల్లాలవారు ఇప్పటికీ మరచిపోని పాశర్లపూడి సంగతి పెద్దాయన చెప్పారు. 1995 జనవరి 8న అమలాపురము ప్రాంతములో పాశర్లపూడి దగ్గర తవ్వుతున్న బావి అదుపు తప్పి అంటుకున్నది. ఆ మండలము పేరు మామిడికుదురు. పేరులో మన మామిడే ఉన్నది. చుట్టుప్రక్కల పల్లెలవారిని ఇండ్లు ఖాళీ చేయించారు. ఆ మంట రాత్రిళ్ళు మైళ్ళ దూరానికి కనబడేది. విదేశాల నుండి నిపుణులు వచ్చి పనిచేసినా ఆర్పడానికి 65 రోజులు పట్టింది. మార్చి 15న గాని అది చల్లారలేదు.

రెండవది దూరదేశపు సంగతి. స్కాట్‌లాండు సముద్రములో పైపర్ ఆల్ఫా అనే వేదిక ఉండేది. అది తవ్వే రిగ్గు మాత్రమే కాదు, చమురు, గ్యాసు తీసి ఒడ్డుకు పంపే వేదిక. 1988 జూలై 6న అక్కడ పగటి షిఫ్టువారు మరమ్మతు కోసము ఒక పంపు తాలూకు సేఫ్టీ వాల్వును ఊడదీశారు. ఆ స్థానములో తాత్కాలికముగా ఒక మూత బిగించారు. సాయంకాలానికి పని పూర్తికాలేదు. ఆ సంగతి రాత్రి షిఫ్టువారికి సరిగా అందలేదు. రాత్రి రెండవ పంపు ఆగిపోయింది. వాల్వు లేని సంగతి తెలియక మొదటి పంపును నడిపారు. గ్యాసు చిమ్మింది, అంటుకున్నది. ఆ ఒక్క రాత్రి 167 మంది చనిపోయారు. న్యాయమూర్తి కల్లెన్ ప్రభువు విచారణ జరిపి 1990లో ఇచ్చిన నివేదికలో 106 సూచనలు చేశారు. ఆ తరువాత సముద్రపు రిగ్గులలో పని అనుమతి పత్రము, షిఫ్టు అప్పగింత అనేవాటిని చూచే పద్ధతే మారిపోయింది.

"షిఫ్టు అప్పగించేటప్పుడు ఒక మాట అందకపోతే అంతపని జరిగింది. నేను రిగ్గులో ఉన్నన్నాళ్ళు ఆ కథ నా మనస్సులో నుండి పోలేదు" అన్నారు పెద్దాయన. ఏ యంత్రమైనా విప్పే ముందు దాని స్విచ్చికి తాళము వేసి, తాళపుచెవి జేబులో పెట్టుకొని, "మనిషి పనిచేస్తున్నాడు" అని చీటీ కట్టాలి. ఆ తాళము వేసినవాడే తీయాలి. ఆయన కుడిచేతి చూపుడువేలు కొస లేదు. తాళము లేని కాలములో ఒక బెల్టు కింద పోయిన వేలది. వినికిడి కూడా కొంత తగ్గింది. చెవులకు మఫ్ పెట్టుకోవడము మొదటి సంవత్సరాలలో నామోషీగా ఉండేదట. ఆ మాట ఆయన పిల్లలిద్దరి వైపు చూచి రెండుసార్లు చెప్పారు.

ఇంటి దగ్గర ఉన్నవారు

తిరుగు ప్రయాణములో ఆయన ఇంటి దగ్గర ఆగాము. ఆ తల్లి మాకు మజ్జిగ ఇచ్చి కూర్చున్నది. రిగ్గు జీవితములో సగము ఆమె మోసినదే. పదునాలుగు రోజులు పని, పదునాలుగు రోజులు ఇల్లు. వినడానికి సగము సంవత్సరము సెలవన్నట్లే ఉంటుంది.

"కాని అయ్యగారూ, బిడ్డకు జ్వరం ఆ పద్నాలుగు రోజుల్లోనే వస్తుంది. పూత మీద పురుగు ఆ పద్నాలుగు రోజుల్లోనే పడుతుంది. బేరగాడు కాయ కొనడానికి ఆ పద్నాలుగు రోజుల్లోనే వస్తాడు" అన్నదామె. భర్త సముద్రము మీద ఉన్నప్పుడు తోట బేరము ఆమే చేసింది, మందు ఆమే కొట్టించింది. బంధువులు ఏదో అన్నారు, ఆమె పట్టించుకోలేదు. ఇంటికి వచ్చిన మొదటి రెండు రోజులు ఆయన నిద్రపోతారు, పిల్లలు గుమ్మము దగ్గర నిలబడి చూస్తూ ఉండేవారట. ఆదివారము గుడిలో ఆయన స్థలము నెలలో సగము ఖాళీగానే ఉండేది. క్రిస్మసు కూడా కొన్ని సంవత్సరాలు రిగ్గు మీదనే గడిచింది.

ఆ జీతముతోనే పిల్లలు చదివారు, ఇంటికి స్లాబు పడింది, తోటలో బోరు పడింది. ఆ సంగతి కూడా ఆమె దాచలేదు. "మంచిదే. కాని ఆయన ఒక్కరే పనిచేశారని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను" అని నవ్వింది.

వెళ్ళదలచినవారు తెలుసుకోవలసినవి

ఇటువంటి ప్రశ్న ఇతర సంఘాలలోని కుటుంబాలకు కూడా వస్తుంది గనుక, పెద్దాయన చెప్పినవాటిని, మేము తరువాత విచారించినవాటిని ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదటిది చదువు, అనుభవము. ఐ.టి.ఐ. డీజిల్ మెకానిక్ సర్టిఫికెట్టు చేతికి రాగానే రిగ్గు ఇంజను ఎవరూ అప్పగించరు. 1961 అప్రెంటిసు చట్టము ప్రకారము పెద్ద సంస్థలు శిక్షణకు పిల్లలను తీసుకుంటాయి, స్టైపెండు ఇస్తాయి. దీనికి ఎవరికీ డబ్బు కట్టవలసిన పనిలేదు. పెద్ద జనరేటర్లు, జె.సి.బి.లు, లారీల ఇంజన్ల మీద మూడు నాలుగు సంవత్సరాలు పనిచేసిన చేతికి విలువ ఉంటుంది.

రెండవది శిక్షణ. మన దేశములో చమురు బావులను చట్టము గనులుగానే లెక్కిస్తుంది. అక్కడ పనిచేసేవారికి గనుల భద్రతా శిక్షణ ఇప్పించాలి. సముద్రము మీదికి వెళ్ళేవారికి ఇంకొక శిక్షణ ఉన్నది. హెలికాప్టరు నమూనాలో కూర్చోబెట్టి నీటి కొలనులో ముంచి తలక్రిందులు చేస్తారు. బెల్టు విప్పుకొని కిటికీలో నుండి బయటికి రావాలి. ఈత రాని పిల్లలు ఇప్పుడే నేర్చుకోవడము మంచిది.

మూడవది ఏజెంటు. విదేశీ ఉద్యోగాలకు మనుష్యులను పంపే ఏజెంటు 1983 వలస చట్టము క్రింద రిజిస్టరు అయి ఉండాలి. ఆ నంబరు అడగాలి. కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో ఆ పేరు ఉన్నదో లేదో చూడాలి. అటువంటి ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. లక్షలు అడిగేవాడిని, రసీదు ఇవ్వనివాడిని, విజిటు వీసా మీద పంపిస్తాననేవాడిని గుమ్మము ఎక్కనివ్వకూడదు. ఉద్యోగపు ఒప్పందములో జీతము, పనిగంటలు, సెలవు, ప్రమాద బీమా వ్రాసి ఉండాలి. అది చదివి అర్థము చేసుకున్న తరువాతనే సంతకము చేయాలి.

మా యౌవనస్థుని తండ్రి ఆ ఏజెంటును రిజిస్ట్రేషను నంబరు అడిగాడు. రేపు చెబుతానన్న మనిషి తిరిగి రాలేదు. తోట కాపు ఎవరికీ రాయలేదు. ఆ వేసవి కాయను తండ్రీ కొడుకులే నున్న మార్కెట్టుకు తోలుకున్నారు. ఆ అబ్బాయి ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో జనరేటర్ల మరమ్మతు షెడ్డులో పనిచేస్తూ, అప్రెంటిసు ప్రకటనల కోసము చూస్తున్నాడు. రిగ్గుకు వెళ్ళాలన్న ఆశ అతనికి తగ్గలేదు. రెండవ అబ్బాయి మాత్రము పదునాలుగు రోజుల లెక్క విన్న తరువాత ఇంటి దగ్గరే ఉంటానన్నాడు. అతని తల్లికి ఆరోగ్యము బాగుండదు. ఇద్దరి నిర్ణయమూ సరియైనదే అని మేము అనుకుంటున్నాము.

ప్రియమైన తల్లిదండ్రులారా, మీ కుమారుడు రిగ్గుకు వెళతానంటే భయపడి అడ్డుపడకండి, జీతము విని తొందరపడకండి. ఆ పని చేసి వచ్చినవారిని, వారి భార్యలను కూడా, కూర్చోబెట్టి అడగండి. తోట కాగితము మీదగాని, ఒప్పందము మీదగాని సంతకము చేయకముందు ఆ కాగితాలను మీ సంఘ పెద్దల దగ్గరకు గాని, మీ కాపరి దగ్గరకు గాని తీసుకొని వెళ్ళండి. నలుగురూ కలిసి చదివితే అందులో ఏమున్నదో, ఏమి లేదో బయటపడుతుంది.